పై చేను పూలలో కర్పూరం వాసన

"ఇందులో లావాండిన్ కలిసింది. తీసుకోను."

ఆల్బాన్ ఆ మాట అనేసరికి లావెండర్ నూనె తీసే బట్టీ వాకిట్లో వరసగా ఆగిన ట్రాక్టర్ల మీదివాళ్ళందరూ మాటలు ఆపేశారు. లోడు తెచ్చిన అమ్మాయి మాత్రం ఆపలేదు. ఆమె ఇంకా మొదలే పెట్టలేదు.

"ఏం కలిసిందన్నారు?"

"లావాండిన్."

"మళ్ళీ అనండి."

"ఎన్నిసార్లన్నా అదే మాట. కర్పూరం వాసన వస్తోంది."

ఆమె ట్రెయిలర్ మీంచి కిందికి దూకింది. జుట్టు నిండా ఊదారంగు పూలు. భుజం మీంచి నడుముకి అడ్డంగా కట్టుకున్న కోత సంచి. కుడిచేతిలో కొడవలి. ఆ కొడవలిని చూసి, వాకిట్లో తీరిగ్గా కూచున్న ఇసిదోర్ తాత తన కుర్చీని రెండడుగులు వెనక్కి జరుపుకున్నాడు. ఆల్బాన్ జరగలేదు. ధైర్యం వల్ల కాదు. తనకు కాళ్ళున్న సంగతి అతనికి ఆ క్షణంలో గుర్తు లేదు.

"మాది పన్నెండు వందల మీటర్ల ఎత్తులో ఉన్న చేను. ఫిలోమెన్ మామ్మ పై చేను. మా మామ్మ పుట్టకముందు నించీ అక్కడ అసలు లావెండర్ తప్ప ఇంకోటి మొలవలేదు. మీ ముక్కుకి జలుబు చేసిందేమో చూపించుకోండి!"

లావాండిన్ అంటే కింద మైదానంలో యంత్రాలతో కోసే సంకర జాతి. మొక్క పెద్దది, నూనె ఎక్కువ, వాసన మోటు. సబ్బుల్లోకి, నేల తుడిచే మందుల్లోకి పోతుంది. మా కొండ మీద ఒకరి చేనులో లావాండిన్ ఉందనడమంటే పాలవాడిని పట్టుకుని నీళ్ళు కలిపావనడం లాంటిది. ఇద్దరూ ఆ తర్వాత నెలల తరబడి పలకరించుకోరు.

అయితే ఆల్బాన్ ముక్కు అంటే కొండ మీద అందరికీ గురి. చిన్నప్పుడే వాళ్ళ బాబాయి గస్తాన్ కళ్ళకు గంతలు కట్టి ఏడు సీసాలు ముందు పెడితే, ఏది ఎవరి చేనుదో ఒక్కటి కూడా తప్పకుండా చెప్పాడట. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. ఐదేళ్ళుగా బట్టీ దగ్గర తీర్పు అతనిదే. అన్ని చేల నూనే ఒకే పీపాలోకి వెళ్తుంది. ఒక్క చెడ్డ లోడు పడితే ఊరందరి కష్టమూ పాడవుతుంది. అందుకే ఎవరూ అతనితో వాదించరు.

ఎవరూ వాదించరు కాబట్టి అతనికి మాట్లాడటం కూడా పెద్దగా అలవాటు లేదు. తనతో తనే మాట్లాడుకుంటాడు. తన ప్రతి ఆలోచన వెనకా ఇంకో ఆలోచన ఉంటుందని, దాని వెనక మరొకటి ఉంటుందని అతనికి గట్టి నమ్మకం. రాత్రి పడుకునే ముందు వాటిని ఉల్లిపాయ పొరల్లా ఒలుస్తూ కూచుంటాడు.

"సరే," అన్నాడు చివరికి. "నూనె తీసేముందు ఎలాగూ పూలు రెండు రోజులు ఆరి వాడిపోవాలి. వాకిట్లో ఆ మూల పరుస్తాను. మూడో రోజు మళ్ళీ చూసి చెప్తాను."

"మళ్ళీ చూస్తారా, మళ్ళీ వాసన చూస్తారా?"

"రెండూ."

"పేరు రాసుకోండి. సిదోనీ. చివర్లో దీర్ఘం. రేపు క్షమాపణ చెప్పేటప్పుడు తప్పు రాకుండా."

వెనక ట్రాక్టర్ల మీద నవ్వులు. ఇసిదోర్ తాత అయితే పొలమారేదాకా నవ్వాడు. రెండేళ్ళ కిందట ఆయన లోడు కూడా ఆల్బాన్ వెనక్కి పంపాడు మరి.

మర్నాడు పొద్దున్నే, ఇంకా బట్టీకి నిప్పు పెట్టకముందే, ఆల్బాన్ ఆ మూలకు వెళ్ళాడు. వంగి రెండు గుప్పెళ్ళ పూలు తీసి ముక్కుకు ఆనించుకున్నాడు.

తేనె. ఎండిన గడ్డి. ఉతికి ఆరేసిన దుప్పటి. ఇంకాస్త లోపలికి పీలిస్తే నేరేడు లాంటి ఏదో వగరు తీపి. కర్పూరం ఎక్కడా లేదు.

'చల్లటి గాలికి అణిగిపోయి ఉంటుంది,' అనుకున్నాడు.

తొమ్మిదింటికి సిదోనీ వచ్చింది. ఈసారి కొడవలి లేదు, కోపం మాత్రం ఉంది. మూలకు వెళ్ళి పక్కన నిలబడి, "ఊఁ, ఇప్పుడు చూడండి," అంది.

అతను చూశాడు. కర్పూరం. ఖచ్చితంగా కర్పూరం.

"వస్తోంది," అన్నాడు.

"నాకెందుకు రావడం లేదు?"

"అలవాటు పడి ఉంటారు."

"అంటే నా ముక్కు మొద్దుబారిందా? చూడండీ, ఈ లోడు నాకు ఆట కాదు. మామ్మకి మోకాళ్ళు పోయాయి. ఈ ఏడు మొత్తం కోత నేనొక్కదాన్నే చేస్తున్నాను. నా నూనె మంచి పీపాలోకి వెళ్తే చేను నాకు రాసిస్తానంది. లేకపోతే గొర్రెలవాళ్ళకి ఇచ్చేస్తుంది. నలభై గొర్రెలు ఆ పూల మొదళ్ళ మీద తిరుగుతుంటే నేను పట్నంలో టెలిఫోన్ కంపెనీలో కూచుని 'మీకు ఏ విధంగా సాయపడగలను' అంటూ ఉండాలి. అర్థమైందా?"

అర్థమైంది. అర్థమైనకొద్దీ అతని మెడ వెనక చెమట పట్టింది.

"అయితే చేనుకే వస్తాను," అన్నాడు. "ఈ కుప్పలో కాడలన్నీ చిక్కుపడిపోయాయి, అక్కడ మొక్కమొక్కా చూస్తాను. లావాండిన్ కాడకి పక్కన రెండు పిల్లకాడలు ఉంటాయి. అసలుదానికి పిల్లకాడలుండవు, ఒకటే కాడ. చేలో ఒక్కటి కూడా దొరక్కపోతే నా మాట వెనక్కి తీసుకుంటాను."

"ఊరికే నడుచుకుంటూ పోతే నా పూలు తొక్కుతారు. కోస్తూ చూడండి. ఒక కొడవలి ఎక్కువే ఉంది."

ఆ మాటకి బట్టీ లోపలినుంచి గస్తాన్ బాబాయి తల బయటపెట్టాడు. "ఒరే ఆల్బాన్, నువ్వు కోతకా? నీ చేతిలో కొడవలి చూసి పదేళ్ళయింది. వేళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళు!"

పై చేను నిజంగానే పైన ఉంది. అక్కణ్ణుంచి చూస్తే వాంతూ కొండ తెల్లటి బోడితల పక్కింటివాళ్ళ పెరట్లో ఉన్నట్టుంటుంది. వరసలు తిన్నగా లేవు. రాళ్ళు ఎటు చోటిస్తే అటు పోయాయి. చేనంతా తేనెటీగల రొద. ఎంత రొదంటే, నేల కింద ఏదో మోటారు తిరుగుతోందా అనిపిస్తుంది.

"ఎడమచేత్తో గుప్పెడు పట్టు," అంది సిదోనీ. చేనులో అడుగుపెట్టగానే 'మీరు' ఎక్కడో రాళ్ళ మధ్య జారిపోయింది. ఆమె గమనించినట్టు లేదు. అతను గమనించాడు. "కొడవలిని నీ వైపు లాగు. రంపంలా కోయకు. లాగు. అయ్యో, మెడ నరుకుతున్నట్టు ఏమిటది!"

"ఈగలు..."

"వాటికి నీతో పనిలేదు. పూలతో పని. నువ్వు వాసన చూస్తుంటావు, అవి తాగుతుంటాయి. అంతే తేడా."

గంటకి ఆమె నాలుగు సంచులు నింపింది. అతను ఒకటిన్నర. కాని ఆ గంటలో అతనికి చాలాకాలంగా లేనిదొకటి జరిగింది. ఆలోచన ఆగింది. గుప్పెడు, లాగుడు, సంచిలోకి. గుప్పెడు, లాగుడు, సంచిలోకి. కాడలు తెగినప్పుడల్లా చిన్న శబ్దం, దానితోబాటు గుప్పుమని వాసన. బట్టీ దగ్గర వాసన అంటే పరీక్ష. ఇక్కడ అది ఒళ్ళంతా పట్టే వాన. మోచేతుల దాకా జిడ్డుగా నూనె అంటుకుంది. నాలుకతో పెదవి తడుపుకుంటే అక్కడా అదే చేదు తీపి.

'నేను సంతోషంగా ఉన్నాను,' అనుకున్నాడు. వెంటనే, అలవాటు కొద్దీ, 'ఎందుకు?' అనుకున్నాడు. ఆ ప్రశ్నకి జవాబు రెండు వరసల అవతల వంగి కూనిరాగం తీస్తోంది. అతను ప్రశ్నను గబుక్కున వదిలేశాడు.

పిల్లకాడలున్న మొక్క మాత్రం ఒక్కటి కూడా దొరకలేదు.

మధ్యాహ్నం రాతిగోడ నీడలో కూచున్నారు. రొట్టె, మేకపాల జున్ను, టమాటాలు. సిదోనీ టమాటా కోసి అతనికో సగం ఇచ్చింది.

"మామ్మ ఈ పూలతో చేయని పని లేదు," అంది నోటినిండా రొట్టెతో. "దుప్పట్ల మధ్య మూటలు. ఉతికేటప్పుడు చివరి నీళ్ళలో నాలుగు చుక్కలు. పిల్లలు నిద్రపోకపోతే దిండు కింద గుప్పెడు. తాతయ్య గురక పెడితే ఆయన దిండు కింద కూడా."

"గురక తగ్గేదా?"

"లేదు. మామ్మకి నిద్ర పట్టేది." నవ్వింది. "నువ్వు నవ్వితే బాగుంటావు. వాకిట్లో నిలబడ్డప్పుడు జడ్జీలా ఉంటావు. ఇంట్లో కూడా అంతేనా?"

"ఇంట్లో ఎవరూ ఉండరు చూసి చెప్పడానికి."

సిదోనీ జున్ను ముక్క కోసి అతని వైపు జరిపింది. తర్వాత ముఖం చిట్లిస్తూ కుడి మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "పదిహేను రోజుల కోత. నరం పట్టేసింది," అంటూ సంచిలోంచి బొటనవేలంత సీసా తీసి, రెండు చుక్కలు మణికట్టు మీద వేసి రుద్దుకుంది.

కర్పూరం.

ఆల్బాన్ చేతిలో టమాటా సగం అలాగే ఉండిపోయింది.

"అదేమిటి?"

"ఇదా? మామ్మ మందు. కొండ కింద రాళ్ళలో వెడల్పాకుల మొరటు లావెండర్ పెరుగుతుందే, దాని నూనె. కుక్కని పాము కరిచినా ఇదే, నాకు నరం పట్టినా ఇదే. పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి. ఏం, నీకూ కావాలా?"

"వద్దు," అన్నాడు అతను.

అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. కర్పూరం లోడులో లేదు. ఎప్పుడూ లేదు. ఆమె పక్కన నిలబడ్డప్పుడే వచ్చింది. ఆమె లేని పొద్దున రాలేదు. ఎదురుగా ట్రెయిలర్ నిండా పూలుంటే, కొండంతా మెచ్చుకునే ఆ ముక్కు పూలను వదిలేసి అమ్మాయి మణికట్టు చుట్టూ తిరిగింది.

ఆ క్షణంలోనే చెప్పేస్తే అయిపోయేది. నోరు తెరిచాడు కూడా.

కాని పొరలు ఒలవడం అలవాటైనవాడికి అదే చిక్కు. 'పొరపాటు పడ్డాను' అంటే 'ఎలా పడ్డావు' అంటుంది. ఎలా పడ్డాడో చెప్పడమంటే ఇంకేదో చెప్పడమే. అదీగాక ఈ పొద్దున పూలు శుభ్రంగా ఉన్నాయని అతని ముక్కు చెప్పింది. చల్లగాలి అని సర్దిచెప్పుకున్నది ఎవరు? ఎందుకు సర్దిచెప్పుకున్నాడు? ఆ పొర దగ్గరికి వచ్చేసరికి అతనికి చెవులు వేడెక్కాయి.

"ఏమైంది? ఎండదెబ్బా?" అంది సిదోనీ.

"కాదు. చేను శుభ్రంగా ఉంది. ఒక్క లావాండిన్ కూడా లేదు."

"మరి వాసన?"

"రేపు చెప్తాను. వాకిట్లో."

ఆమె సీసాకి బిరడా బిగించింది. "రేపు మామ్మ కూడా వస్తోంది," అంది. "అబద్ధం చెప్తే మామ్మ కర్ర తీస్తుంది. ముందే చెప్తున్నాను."

మూడో రోజు బట్టీ వాకిలి తిరనాళ్ళలా ఉంది. పని లేనివాళ్ళు కూడా పని ఉన్నట్టు వచ్చారు. ఫిలోమెన్ మామ్మని ట్రెయిలర్‌లో గడ్డిమోపు మీద కూచోబెట్టి తెచ్చారు. ఎనభై రెండేళ్ళ మనిషి, నల్ల కండువా, మోకాళ్ళ మీద అడ్డంగా కర్ర. ఆమె దిగలేదు. అక్కణ్ణుంచే వాకిలంతా బాగా కనిపిస్తోంది.

"ఏమయ్యా ముక్కూ," అంది. "మా చేనులో ఏం దొరికింది?"

"ఏమీ దొరకలేదు మామ్మా. లోడు శుభ్రంగా ఉంది. దీని నూనె మంచి పీపాలోకే వెళ్తుంది. నేను పొరపాటు పడ్డాను."

వాకిట్లో గుసగుస పుట్టింది. ఇసిదోర్ తాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఆగాగు. పొరపాటా? నీ ముక్కుకా? అయితే రెండేళ్ళ కిందటి నా లోడు సంగతేమిటి? ఏడాదంతా మా ఆవిడ చేత తిట్లు తిన్నానే, దానికెవరు పూచీ?"

"మీ లోడులో లావాండిన్ ఉంది తాతా. అది పొరపాటు కాదు."

"ఎలా నమ్మమంటావు? ముక్కు ఒకసారి తప్పితే రెండుసార్లు తప్పదని ఏముంది?"

అందరూ తలలూపారు. ఆల్బాన్‌కి అర్థమైంది. సగం నిజం చెప్పి బయటపడదామనుకుంటే కుదరదు. ఎందుకు తప్పిందో చెప్పకపోతే రేపటినుంచి ఈ వాకిట్లో తీర్పు ఉండదు. రోజూ తగువులే ఉంటాయి. చెప్తే మాత్రం...

సిదోనీ వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. సాయం చేసే ఉద్దేశం ఏ కోశానా లేదు.

"ముక్కు తప్పలేదు," అన్నాడు. "కర్పూరం నిజంగానే ఉంది. అది సిదోనీ మణికట్టు మీద ఉంది. నరం నొప్పికి మందు రాసుకుంది. నేను... నేను లోడు వాసన చూస్తున్నాననుకున్నాను."

వెనక ఉన్నవాళ్ళు ముందుకి తోసుకొచ్చారు.

"అంటే," అన్నాడు ఇసిదోర్ తాత నింపాదిగా, ఒక్కో మాటా చప్పరిస్తూ, "ట్రెయిలర్ నిండా పూలుంటే, నువ్వు పిల్ల వాసన చూశావన్నమాట!"

వాకిలి పేలిపోయింది. ఎవరో ట్రాక్టర్ హారన్ మోగించారు. సిదోనీ ముఖం చెవుల దాకా ఎర్రబడింది, కాని కట్టుకున్న చేతులు మాత్రం విప్పలేదు.

"నా లోడు తెచ్చినప్పుడు నేను మందు రాసుకోలేదురా అబ్బాయ్!" ఇసిదోర్ తాత కళ్ళు తుడుచుకుంటూ కూలబడ్డాడు. "రాసుకున్నా నువ్వు పట్టించుకోవు. సరే, ఒప్పుకున్నాను. నాది లావాండినే. మా అల్లుడు నాటాడు, వెధవ!"

బాబాయి ఇంక ఆగలేకపోయాడు. "నిన్నా మొన్నా ఏం చేశాడో కూడా వినండి. వెనక్కి పంపేస్తానన్న లోడుని రోజుకి మూడుసార్లు తనే పంగలకర్ర పట్టుకుని తిరగేశాడు, వేడెక్కి కుళ్ళకుండా! నన్ను ముట్టుకోనివ్వలేదు!"

"బాబాయ్!"

"ఏం బాబాయ్? ఉన్నమాటేగా."

పై చేను పూలు రాగి బట్టీలోకి దిగాయి. మూత బిగించారు. ఆవిరి పైకి లేచి, వంకర గొట్టంలో చల్లబడి, రాగి చెంబులోకి ధారగా పడటానికి అరగంట పట్టింది. నీళ్ళు కిందికి, నూనె పైకి. పల్చగా, తేనె కంటే లేత రంగులో, ఆ నూనె పొర నీళ్ళ మీద పేరుకుంటూ ఉంటే ఆల్బాన్, సిదోనీ చెరోవైపు వంగి చూశారు.

"నువ్వు అందరిముందూ చెప్పింది సగమే," అంది సిదోనీ లోగొంతుకతో.

"అవును."

"మిగతాది?"

ఆల్బాన్ లోపల పొరలన్నీ వరసగా లేచి నిలబడ్డాయి. ఒక్కొక్కటీ ఒలుచుకుంటూ పోతే సాయంత్రమవుతుంది. అతను అన్నిటినీ ఒక్కసారే పక్కకి నెట్టేశాడు.

"నిన్న పొద్దున, నువ్వు రాకముందు చూశాను. కర్పూరం లేదు. పూలు బాగున్నాయని నాకు అప్పుడే తెలుసు. తెలియనట్టు నటించాను, నాతోనే. ఎందుకంటే లోడు బాగుందంటే నువ్వు నూనె తీయించుకుని వెళ్ళిపోతావు. బాగాలేదంటే పోట్లాడటానికి మళ్ళీ వస్తావు."

చెంబులోకి ధార పడుతూనే ఉంది.

"అంటే," అంది ఆమె, "మా మామ్మ చేనుని గొర్రెల పాలు చేయబోయావు, నేను రోజూ వస్తానని?"

"అవును. తప్పే. కోపం వచ్చిందా?"

"వచ్చింది. చాలా." ఆమె వేలు చెంబు అంచుకు తాకించి, నూనె చుక్క ఒకటి తీసి అతని ముక్కు చివర రాసింది. "ఇంకా సగం చేను కోయాల్సి ఉంది. ఆ కోపం తీరేదాకా రోజూ వచ్చి కోయాలి. గంటకి ఒకటిన్నర సంచీ కుదరదు."

"ఎన్ని కావాలి?"

"నాలుగు. ఇంకో సంగతి. పోట్లాట లేకపోయినా నేను వచ్చేదాన్నే, పిచ్చిమొద్దూ. నిన్న నీకిచ్చిన కొడవలి ఎక్కువది కాదు. పక్కింటివాళ్ళ దగ్గర ముందురోజే అడిగి తెచ్చాను."

అతనికి అది బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక ఏం చేయాలో తోచక చెంబు మీద మూత పెట్టబోయి గరాటు పెట్టాడు.

నూనెను చిన్న గిన్నెలో తీసుకెళ్ళి మామ్మకిచ్చారు. ఆమె అరచేతిలో ఒక చుక్క వేసుకుని, రెండు చేతులూ రుద్ది, ముఖాన్ని వాటిలో దాచుకుంది. చాలాసేపు తీయలేదు. తీసినప్పుడు కళ్ళు చెమ్మగా ఉన్నాయి.

"మా అమ్మ కాలం నాటి వాసన," అంది. "చేను నీదేనే పిల్లా. కాగితాలు రేపే. గొర్రెలవాళ్ళకి నేనే చెప్తాను."

సిదోనీ ట్రెయిలర్ ఎక్కి మామ్మను గట్టిగా వాటేసుకుంది. మామ్మ ఆమె భుజం మీంచి ఆల్బాన్‌ను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసింది.

"నువ్వు ఇలా రా అబ్బాయ్. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రా. చేప, ఉడకబెట్టిన దుంపలు, నేను నూరిన వెల్లుల్లి ముద్ద. వెల్లుల్లి తింటావా?"

"తింటాను మామ్మా."

"బాగా తింటావా? ఊరికే నా కోసం అనడం కాదు కదా?"

"బాగా తింటాను."

"మంచిది," అంది మామ్మ తృప్తిగా, కర్రతో ట్రాక్టర్‌ను పోనివ్వమని సైగ చేస్తూ. "ఇదీ బాగానే తింటుంది. ఇద్దరూ తింటే, ఎంత దగ్గరికి చేరినా ఇద్దరికీ వాసన తెలియదు."